శిబిరం ముగిసిన మర్నాటి సంగతి

సంపాదకులకు నమస్కారం.

మే నెలాఖరున మీ జిల్లా పేజీల్లో వేసవి క్రీడా శిక్షణ శిబిరాల ముగింపు వార్తలు వరసగా వచ్చాయి. ఊరు మారినా ఫొటో మారలేదు. వెనక ఫ్లెక్సీ, ముందు కుర్చీల్లో పెద్దలు, వాళ్ల వెనక ధ్రువపత్రాలు పట్టుకుని ఎండకు కళ్లు చికిలిస్తున్న పిల్లలు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైనవాణ్ణి. అలాంటి ఫొటోల్లో ఒక పక్కగా, మెడలో విజిల్‌తో నిలబడే మనిషిని. ఆ శిబిరాలు వద్దని అనను. అవి ముగిశాక ఆ పిల్లలు ఏమవుతున్నారన్నదే నా ప్రశ్న. అది అడగడానికి ఒక మంచు ఆటను సాక్ష్యంగా తెస్తున్నాను. కాస్త ఓపిక పట్టండి.

ఈ వేసవంతా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మనవరాలు ఇక్కడి క్లబ్బులో క్రాస్‌కంట్రీ స్కీయింగ్ నేర్చుకుంటోంది. స్కీయింగ్ అనగానే మనకు టీవీలో కనిపించేది కొండ మీది నుంచి జర్రున జారిపోవడం. ఇది ఆ ఆట కాదు. ఇందులో బూటు ముందు కొస మాత్రమే స్కీకి బిగుస్తుంది, మడమ పైకి లేస్తూ ఉంటుంది. చేతుల్లో పొడవాటి కర్రలు ఉంటాయి. ఎత్తు వచ్చినా పల్లం వచ్చినా సొంత రెక్కల కష్టంతో కిలోమీటర్ల కొద్దీ పోవాలి. గుండెకూ ఊపిరితిత్తులకూ ఇంతకంటే గట్టి పరీక్ష పెట్టే ఆటలు బహు తక్కువ.

ఇక్కడి హైస్కూళ్లలో దీని పోటీలకాలం నవంబరు మధ్యలో మొదలై ఫిబ్రవరిలో అయిపోతుంది. అంటే మూడు నెలలే. ఏప్రిల్‌లో అందరికీ విశ్రాంతి. మే నుంచి స్కీయర్ల కొత్త సాధన సంవత్సరం మొదలైనట్టు లెక్క. జూన్ నుంచి నవంబరు దాకా, అంటే చినుకంత మంచు కూడా లేని కాలంలో, క్లబ్బు నడిచేది ఇందుకే. అంతర్జాతీయ స్థాయి స్కీయర్లు ఏడాదికి 800 నుంచి 1,000 గంటల దాకా సాధన చేస్తారు. మంచు ఉన్న రోజులకే పరిమితమైతే అన్ని గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

మినియాపొలిస్ శివార్లలో మేపుల్ గ్రోవ్ అనే ఊరుంది. మనవాళ్లు చాలామందికి అక్కడి హిందూ దేవాలయం తెలుసు. అదే ఊళ్లో ఎల్మ్ క్రీక్ అనే పెద్ద పార్కు ఉంది. చలికాలంలో అక్కడ యంత్రాలతో మంచు తయారుచేసి స్కీ బాట పరుస్తారు. వేసవిలో అదే పార్కు తారు బాటల మీద పిల్లలు చక్రాల స్కీలు కట్టుకుని తిరుగుతుంటారు. వాటిని రోలర్ స్కీలు అంటారు. మూర కంటే కాస్త పొడవైన లోహపు పట్టీ, దానికి ముందొక చక్రం, వెనకొక చక్రం. చాలావాటికి బ్రేకులు ఉండవు. అందుకే మొదటిరోజు పాఠం ఆగడం గురించే. పక్కనున్న గడ్డి మీదికి ఒక్కో కాలూ వేసి, పరుగు తగ్గించుకుంటూ నిలబడాలి. హెల్మెట్ లేనివాళ్లను, దూరం నుంచి మెరిసే చొక్కా వేసుకోనివాళ్లను బాట మీదికి రానివ్వరు. ఉరుము వినిపించిందా, అందరూ కర్రలు దించి గూడు కిందికి చేరాల్సిందే. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిస్తేనే మళ్లీ బయటికి. పిడుగులు పడే మన దగ్గర ఏ మైదానంలో ఈ నియమం ఉందో నాకైతే కనిపించలేదు.

డ్రిల్లు మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది? బెంచీ మీద కూర్చుని నేను చూసిందంతా ఎలా నేర్పుతున్నారన్నదే. చూడటమే కాదు, విన్నాను కూడా. కర్ర కొసలకు గట్టి లోహపు ములుకు ఉంటుంది. కాళ్లు కదపకుండా రెండు కర్రలూ ఒకేసారి పొడిచి ముందుకు సాగే అభ్యాసం ఒకటుంది. రెండు ములుకులూ సమంగా పడితే తారు మీద ఒకటే ‘టక్’ వినిపిస్తుంది. ఒక చెయ్యి వెనకబడితే ‘టటక్’ అంటుంది. తల తిప్పకుండానే ఎవరి ఎడమ చెయ్యి బద్ధకిస్తోందో చెప్పవచ్చు. కోచ్‌గా ఉన్న అమ్మాయి, కాలేజీ జట్టులో స్కీయింగ్ చేసినది, సరిగ్గా అదే పనిచేస్తోంది. కళ్లు మూసుకుని వింటూ, పేరు పిలిచి చెబుతోంది.

ఇంకో సూక్ష్మం చూడండి. నడకలా ఒక కాలి తర్వాత ఒక కాలు ముందుకు జార్చే క్లాసిక్ అనే పద్ధతికి వాడే చక్రాల స్కీలో ఒక చక్రం వెనక్కి తిరగదు. సైకిల్ ఫ్రీవీల్ లాంటి పళ్ల కట్టు లోపల ఉంటుంది. దానివల్ల కాలు ఎలా తన్నినా పట్టు దొరుకుతుంది. మంచు మీద అలా దొరకదు. స్కీ అడుగున నడిమి భాగంలో పూసిన మైనం మంచును పట్టుకోవాలంటే ఒంటి బరువంతా సరైన క్షణంలో ఒకే కాలి మీదికి రావాలి. రెప్పపాటు ఆలస్యమైతే స్కీ వెనక్కి జారుతుంది. అంటే ఆగస్టులో చక్రాలు దాచిపెట్టిన తప్పు డిసెంబరులో బయటపడుతుంది. ఆ సంగతి ఎరిగినవాళ్లు కాబట్టి పిల్లలను ఎంతసేపూ చక్రాల మీదే వదలరు. గడ్డి గుట్ట ఎక్కిస్తారు. కాస్త పొట్టి కర్రలు చేతికిచ్చి ముందు నడిపిస్తారు, తర్వాత ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి దూకుతూ ఎక్కిస్తారు. బరువు మార్చడం అక్కడ ఒంటబడుతుంది. పరికరం సుఖం ఎక్కడ చెరుపు చేస్తుందో తెలిసినవాడే శిక్షకుడని నా అభిప్రాయం.

ఇక నన్ను బాగా ఆలోచింపజేసింది వాళ్ల నెమ్మది. వారంలో చాలా రోజులు పిల్లలు పరుగెత్తేటప్పుడు మాట్లాడుకుంటూనే ఉండాలి. మాట తెగిందంటే వేగం ఎక్కువైందని అర్థం, వెంటనే నడవాలి. జట్టులో అందరికంటే చురుకైన కుర్రాడు గుట్ట మీద దూసుకుపోతుంటే కోచ్ వెనక్కి పిలిచి నడిపించింది. వాడు మొహం ముడుచుకున్నా నడిచాడు. నా చొక్కా జేబులో పాత స్టాప్‌వాచ్ ఉంది. వేసవంతా దాన్ని బయటికి తీయమన్నవాళ్లు లేరు.

“గట్టిగా పరుగెత్తేది ఎప్పుడమ్మా?” అని మనవరాలిని అడిగాను.

“గురువారం తాతయ్యా. అది కూడా కొంచెమే,” అంది.

పెద్ద స్థాయిలోనూ ఇదే లెక్కట. సాధనలో పదింట ఎనిమిది వంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, తేలికపాటి వేగంతో సాగుతుంది. మిగిలిన కొద్దిపాటి భాగమే ఊపిరి సలపనిది. మనమేం చేస్తాం? శిబిరం మొదటిరోజే వంద మీటర్ల పందెం పెట్టి, గెలిచినవాళ్లను ఒక పక్క, ఓడినవాళ్లను ఒక పక్క నిలబెడతాం. రెండోవారానికి రెండో పక్క ఖాళీ.

ఈ ఆటలో ప్రపంచానికి పెద్దన్న నార్వే. అక్కడి క్రీడా సమాఖ్య 1987లోనే పిల్లల ఆటలకు నియమాలు పెట్టుకుంది. పదకొండేళ్లు వచ్చేదాకా ఫలితాల జాబితాలు, ర్యాంకులు ఉండవు. పదమూడేళ్లు వచ్చేదాకా జాతీయ చాంపియన్‌షిప్పులు ఉండవు. ఇలా పిల్లలను ‘గారాబం’ చేసిన దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో పతకాల పట్టికలో మొదట నిలిచింది. నార్వే జనాభా సుమారు 55 లక్షలు. ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అంతకంటే ఎక్కువమందిమి ఉన్నాం. వాళ్లకు మంచు ఉంది, డబ్బు ఉంది, నిజమే. కానీ పదేళ్ల పిల్లవాడి పేరు పక్కన ర్యాంకు రాయకుండా ఉండటానికి ఆ రెండూ అక్కర్లేదు కదా.

మిన్నెసోటా కూడా తక్కువది కాదు. ఇక్కడి ఆఫ్టన్ అనే చిన్న ఊరి అమ్మాయి జెస్సీ డిగ్గిన్స్, 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో కికన్ రాండాల్‌తో కలిసి టీమ్ స్ప్రింట్ (ఇద్దరు వంతులవారీగా సాగే పోటీ) గెలిచింది. క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌లో అమెరికాకు అదే మొదటి స్వర్ణం. 2024 ఫిబ్రవరిలో మినియాపొలిస్ నగరంలోని థియోడర్ వర్త్ పార్కులో ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. అమెరికాలో ఈ ఆటకు ప్రపంచ కప్ జరగడం 2001 తర్వాత మళ్లీ అప్పుడే. ఆ చలికాలం ఇక్కడ మంచు సరిగా కురవలేదు. బాట చాలావరకు యంత్రాలు చేసిన మంచే. మా అమ్మాయి వాళ్లు వెళ్లి కంచె పక్కన నిలబడి చూశారట. మనవరాలికి ఈ పిచ్చి పట్టింది అప్పుడే. చలికాలాలు ఇలా మారిపోతుంటే, మంచు పడితేనే సాధన అనుకునే క్లబ్బుకు ఇక పనుండదు.

అన్నీ మెచ్చుకోవడానికే ఈ ఉత్తరం రాయడం లేదు. ఇది డబ్బున్నవాళ్ల ఆటే. చక్రాల స్కీలు, కర్రలు, బూట్లు కలిపితే వందల డాలర్లు. క్లబ్బులు పాత సామాను మార్పిడి సంతలు పెట్టి కొంత తేలిక చేస్తున్నాయి గానీ, కారు లేని ఇంటి పిల్ల ఈ పార్కుకు రావడం కష్టం. మా ఊళ్లో పిల్లలు చెప్పులు విడిచి కబడ్డీ ఆడటానికి ఒక్క రూపాయి అక్కర్లేదు. నేను అరువు తెచ్చుకోమంటున్నది వాళ్ల ఆటను కాదు, వాళ్ల క్యాలెండరును.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రులతోనూ నాకు చిన్న తగాదా ఉంది. “మంచే లేదుగా, ఎండాకాలం ఫీజెందుకండీ?” అని ఒకాయన నన్నే అడిగాడు. జూన్ వచ్చిందంటే లెక్కల తరగతులు, లేకుంటే ఇండియా ప్రయాణం. ప్రయాణం మానమని నేనెలా అంటాను, నిరుడు మా వాళ్లు వస్తేనే కదా ఇల్లు నిండింది! అప్పుడు వాళ్లు తెనాలి వచ్చేముందు కోచ్ మనవరాలికి ఒక కాగితం రాసిచ్చింది. తాడాట, మెట్లెక్కడం, గోడకుర్చీ, పొద్దున్నే నెమ్మదిగా పరుగు. అంతే. గోడకుర్చీ చూసి నవ్వొచ్చింది. హోంవర్కు చేయనివాళ్లకు మనం శిక్షగా వేయించేదాన్ని వాళ్లు తొడల బలానికి వేయిస్తున్నారు. మనవరాలు తెల్లవారకముందే తెనాలి కాలవ గట్టున రెండు కర్రలు పట్టుకుని పరుగెత్తింది. వీధి కుక్కలు గౌరవంగా పక్కకు తప్పుకున్నాయి. పాలు పోసే అబ్బాయి మాత్రం, “పాపకు కాలు బాగాలేదా మాస్టారూ?” అని వారం రోజులు అడిగాడు.

మంచు కురవని నేల నుంచి ఈ ఆటలోకి వెళ్లడం మన దేశంలో జరగనిదేమీ కాదు. కర్ణాటకలోని కాఫీ తోటల కొడగు నుంచి వెళ్లిన భవాని తెక్కడ నంజుండ క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌లో భారత్ తరఫున అంతర్జాతీయ పోటీల్లో పాల్గొంటున్నారు. అయితే మన పిల్లలను స్కీయింగ్‌లో పెట్టమని నేను అనడం లేదు. కబడ్డీకి, ఖోఖోకు, వాలీబాల్‌కు, పరుగు పందేలకు ఈ జూన్ నుంచి నవంబరు పద్ధతి కావాలంటున్నాను.

మన బడుల్లో జరిగేది నాకు తెలుసు, అందులోనే జుట్టు నెరిసింది. బడి పోటీల సర్క్యులర్ వస్తుంది, ఆ వారమే జట్టు ఎంపిక. వేసవి శిబిరంలో చెమటోడ్చిన పిల్లకు మధ్యలో రెండు మూడు నెలలు ఖాళీ. జూన్‌లో బడి తెరిచాక ఆటల పీరియడ్ లెక్కల పీరియడ్‌గా మారిపోతుంది. వానాకాలం మైదానం బురద అంటారు. నిజమే, బురదే. వరండా ఉంది కదా. మెట్లు ఉన్నాయి, తాడు ఉంది, గోడ ఉంది. శిబిరానికి పెట్టిన శిక్షకుడినే జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికి మూడు పూటలు, పూటకు ఒక గంట రప్పించి, చిన్న గౌరవ వేతనం ఇస్తే చాలు. ముగింపు సభ ఫ్లెక్సీకి, శాలువాలకు, టిఫిన్లకు అయ్యే ఖర్చు అందులోకి మళ్లిస్తే కొంతైనా కలిసొస్తుంది. పిల్లల చేతికి తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి ఆరోజు ఏం చేశారో, ఎన్ని గంటలు నిద్రపోయారో రాయమనాలి. మా మనవరాలు అదే రాస్తుంది. నిద్ర తగ్గిన రోజు కోచ్ ఆ పిల్లకు సాధన తగ్గిస్తుంది. పదో తరగతి పిల్లల నిద్ర గురించి మన బడుల్లో ఎవరైనా అడగగా నేను వినలేదు.

మీ పత్రికకు ఒక విన్నపం. దసరా సెలవులకు ముందు మీ విలేకరులను అవే మైదానాలకు మళ్లీ పంపండి. మేలో అచ్చువేసిన ఫొటో చేతికిచ్చి పంపండి. అందులోని పిల్లల్లో ఎంతమంది ఇంకా ఆడుతున్నారో, మానేసినవాళ్లు ఎందుకు మానేశారో అడిగి రాయమనండి. మా జిల్లాకు వచ్చేటప్పుడు కబురు చేస్తే నేనూ వెంట వస్తాను. దసరాకు ముందే తెనాలి చేరుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తెనాలి
(ప్రస్తుతం మిన్నెసోటా నుంచి)