నా నవల రొమాన్స్ అండి, దాని మీద వేసిన అడల్ట్ ముద్ర తీసేయండి

కంటెంట్ రివ్యూ టీమ్ వారికి,

విషయం: జూన్ 9న మీ ఆన్‌లైన్ పుస్తకాల షాపులో నా మూడో నవలని రొమాన్స్ క్యాటగిరీలోంచి తీసి అడల్ట్‌లో పడేసినందుకు ఫిర్యాదు

నమస్కారమండి.

ఇది నేను మీకు పంపుతున్న ఏడో మెయిల్. ముందు ఆరూ ఇంగ్లీష్‌లో రాసా, ఆరిటికీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే జవాబు, "మీ పుస్తకం మా కంటెంట్ గైడ్‌లైన్స్‌కి అనుగుణంగా లేదు" అని, ఏ గైడ్‌లైన్, ఏ పేజీ, ఏ లైన్ అన్నది ఒక్కసారి కూడా చెప్పలేదు. పోయిన వారం ఫోన్ చేస్తే మీ హైదరాబాద్ ఆఫీసు నుంచి ఒక అబ్బాయి తీసాడు, నా పేరు చూసి తెలుగులోకి దిగాడు, ఇరవై నిమిషాలు ఓపిగ్గా విని "మేడమ్, మొత్తం తెలుగులోనే రాసి పంపండి, నేను చదివి పై టీమ్‌కి చెప్తా" అన్నాడు. ఆ అబ్బాయి మాట పట్టుకుని రాస్తున్నా.

నేను హ్యూస్టన్‌లో ఫార్మసిస్ట్‌ని, మా ఊరు తెనాలి. మా ఆయన ఇక్కడి నల్లజాతి కుటుంబంలో పుట్టినాయన, స్కూల్లో లెక్కలు చెప్తారు. పెళ్ళయి 14 ఏళ్ళు. డ్యూటీ అయ్యి పిల్లలు పడుకున్నాక రాత్రి పదికి కూర్చుంటే పన్నెండు దాకా రాసుకుంటా, రాసేది ఇంటర్‌రేషియల్ రొమాన్స్, అంటే వేర్వేరు జాతుల వాళ్ళ ప్రేమకథలు, మా ఇంటి లాంటి ఇళ్ళ కథలు. నాకు పబ్లిషర్ లేరు. ఎడిటింగ్‌కి 1,400 డాలర్లు, కవర్‌కి 350, పది ఐఎస్‌బీఎన్ నంబర్ల సెట్‌కి 295 (ప్రతి పుస్తకానికీ ఉండే గుర్తింపు నంబర్ అది, ఇండియాలో అయితే ఫ్రీగా ఇస్తారు, ఇక్కడ కొనుక్కోవాలి), అన్నీ నా జీతంలోంచే పెట్టా. లైబ్రరీల్లో చిన్న చిన్న మీటింగులకి పుస్తకాలు డిక్కీలో వేసుకుని నేనే తీసుకెళ్తా. అలా ఒక్కొక్కరుగా వచ్చిన వాళ్ళే నా పాఠకులు.

ఇప్పుడీ మూడో నవల. హీరోయిన్ గుంటూరు నుంచి వచ్చి టెక్సస్ మెడికల్ సెంటర్‌లో పనిచేసే నర్సు. హీరో హ్యూస్టన్ ఫిఫ్త్ వార్డ్‌లోని ఫ్రెంచ్‌టౌన్ వాడు, అంటే లూసియానా నుంచి వచ్చి స్థిరపడిన క్రియోల్ (ఫ్రెంచ్, ఆఫ్రికా మూలాలు కలిసిన) కుటుంబాల పేట, వాళ్ళ తాతల నాటి జైడెకో పాటలకి అకార్డియన్ వాయిస్తాడు. 312 పేజీల్లో రెండు ముద్దులున్నాయి. రెండోది గాల్వెస్టన్‌లో, జూన్‌టీన్త్ రోజున, 1865 జూన్ 19న బానిసత్వం పోయిందని టెక్సస్ జనానికి చాటింది ఆ ఊళ్ళోనే కాబట్టి ఆ సీన్ అక్కడ పెట్టా. పడగ్గది తలుపు దగ్గరే నా కథ ఆగిపోతుంది, అది నా పద్ధతి, మా అమ్మ కూడా చదవాలని అలా రాస్తా. కవర్ మీద ఆ అమ్మాయి మంగళగిరి చీరలో, అతను తెల్లచొక్కాలో, సముద్రం గోడ మీద పక్కపక్కన కూర్చుని ఉంటారు, చేతులు కూడా తగలవు. ఆ బొమ్మతో ఇచ్చిన యాడ్‌ని కూడా "అభ్యంతరకరం" అని తిప్పికొట్టారు. అందులో అభ్యంతరం ఏంటో ఎన్నిసార్లు చూసినా నాకు కనపడలేదండి.

రిలీజ్ జూన్ 12 అని ఆర్నెల్ల ముందే అనుకున్నా. 1967లో అదే రోజు అమెరికా సుప్రీం కోర్టు, వేరే జాతి వాళ్ళని పెళ్ళి చేసుకోవడం నేరమనే చట్టాలు చెల్లవని లవింగ్ దంపతుల కేసులో తీర్పిచ్చింది. ఆయన తెల్లజాతి, ఆవిడ నల్లజాతి. 1958లో వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకుని వర్జీనియాలో సొంతూరికి తిరిగొస్తే రాత్రిపూట పోలీసులు పడగ్గదిలోకొచ్చి అరెస్ట్ చేసారు, ఏడాది జైలన్నా అనుభవించండి లేదా 25 ఏళ్ళు ఈ రాష్ట్రం మొహం చూడకండి అని జడ్జి శిక్ష వేసాడు. ఆ తీర్పు వచ్చేనాటికి అలాంటి చట్టాలు ఇంకా 16 రాష్ట్రాల్లో ఉన్నాయి, మా టెక్సస్ అందులో ఒకటి. మా అత్తగారికి అప్పుడు 16 ఏళ్ళు. ఆవిడ చిన్నాన్న ఒక తెల్లమ్మాయిని ఇష్టపడి, ఇక్కడుంటే జైలే అని ఆ పిల్లని తీసుకుని కాలిఫోర్నియా వెళ్ళిపోయారట, అక్కడ ఆ చట్టం 1948లోనే పోయింది కదా. వాళ్ళమ్మ చనిపోయినా కడచూపుకి రాలేకపోయారు. నవల ఆయనకే అంకితం ఇచ్చా.

జూన్ 12 పొద్దున్నే మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ట్యాబ్‌లో నా పుస్తకం వెతికారు. పేరు కొట్టినా రాలేదు, నా పేరు కొట్టినా రాలేదు. "నీ పుస్తకం ఏదమ్మా, నాకు చూడటం రావట్లేదా" అని నన్నే అడిగారు. ఆవిడకి చూడటం రాక కాదండి. అడల్ట్ అని మార్క్ చేసిన పుస్తకం మీ మామూలు సెర్చ్‌లో రాదు, ఇది చదివినవాళ్ళు ఇవీ చదివారు అని చూపించే చోటా రాదు, యాడ్ పెట్టడానికీ కుదరదు, షాపులోనే ఉంటుంది కానీ తాళం వేసిన గదిలో ఉన్నట్టు. ఆ మాట ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆవిడ చిన్నాన్న పేరున్న పుస్తకాన్ని బూతు పుస్తకాల్లో పెట్టారు అని చెప్పాలా? ఇంకా చెప్పలేదు. ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ అన్నా.

కారణం ఏంటో మీరు చెప్పలేదు కాబట్టి నేనే పట్టుకున్నా. మూడోదానితో పాటు నా రెండో నవలకి కూడా అదే మార్క్ పడింది. దాని కీవర్డ్స్‌లోంచి ఇంటర్‌రేషియల్ అనే ఒక్క మాట తీసేసి మళ్ళీ సబ్మిట్ చేసా, లోపల ఒక్క అక్షరం ముట్టుకోలేదు. రెండు రోజుల్లో క్లియర్ అయిపోయింది. మళ్ళీ ఆ మాట పెట్టా, మళ్ళీ అడల్ట్. స్క్రీన్‌షాట్లు తేదీలతో సహా జతచేసా, చూడండి.

ఆ మాటని బూతు వీడియోల సైట్లు లేబుల్‌లా వాడుకుంటాయని నాకూ తెలుసు, మీ ఫిల్టర్ దాన్ని అక్కడి నుంచే నేర్చుకుని ఉంటుందని నా అనుమానం. కానీ పుస్తకాల లోకంలో అది ఒక జానర్ పేరండి. ఇక్కడి షాపులు వాడే బైసాక్ క్యాటగిరీల్లో రొమాన్స్ కింద మల్టీకల్చరల్ అండ్ ఇంటర్‌రేషియల్ అని విడిగా ఉంది, మీ అప్‌లోడ్ ఫామ్‌లో కూడా ఉంది, అందులోంచే నేను సెలెక్ట్ చేసుకున్నా. మీరిచ్చిన పేరుని నేను వాడితే దానికే శిక్ష వేస్తారా? పోనీ ఆ మాట తీసేసి ఊరుకోమంటారా, నాలాంటి ఇల్లు ఉన్న పాఠకులు మా కథల్ని వెతికేది ఆ మాటతోనే. అమెరికాలో రొమాన్స్ రాసేవాళ్ళ సంఘం 1980లో పుట్టింది మా హ్యూస్టన్‌లోనే, పెట్టిన వాళ్ళలో వివియన్ స్టీఫెన్స్ అనే నల్లజాతి ఎడిటర్ ఉన్నారు, అయినా ఆ సంఘం అప్పట్లో ఇచ్చిన రీటా అవార్డు ఒక నల్లజాతి రచయిత్రి చేతికి రావడానికి 2019 దాకా పట్టింది. ఎంత కష్టపడితే ఈ కథలకి షెల్ఫ్‌లో చోటొచ్చిందో తెలిసినవాళ్ళు ఒక్క మాట చూసి వెనక గదిలో పెట్టరు.

212 ప్రీ-ఆర్డర్లు ఉండేవి, క్యాటగిరీ మార్చినప్పుడు అన్నీ క్యాన్సిల్ అయ్యాయి, ముందుగా చదివి పెట్టిన 31 రివ్యూలు మాయమయ్యాయి. అందులో ఒకటి డాలస్‌లో ఉండే ఒక తెలుగావిడది, కూతురు నల్లజాతి అబ్బాయిని చేసుకుందని రెండేళ్ళు మాట్లాడలేదట, నా మొదటి నవల చదివాక కూతురికి ఫోన్ చేసిందట, ఈ మూడోది తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి చదివాం అని రాసింది. ఆ రివ్యూ కాపీ నా దగ్గర లేదు. డబ్బు సంగతి తర్వాత, ముందు అది నాకు తిరిగి కావాలి.

కాబట్టి ఫిల్టర్‌కి వదిలేయకుండా మీలో ఎవరైనా ఆ 312 పేజీలూ చదవండి. తప్పు ఉంటే పేజీ నంబర్ రాయండి, లేకపోతే రెండు పుస్తకాలనీ రొమాన్స్‌లోకి తిరిగి మార్చి, రివ్యూలు వెనక్కి పెట్టి, క్యాన్సిల్ అయిన 212 మందికీ పొరపాటు మీదేనని మీ పేరుతోనే మెయిల్ పంపండి, ఎందుకంటే నేనే ఆపేసా అనుకుంటున్నారు చాలామంది. ఆ తర్వాత మా అత్తగారి ట్యాబ్‌లో నేనే వెతికి చూస్తా.

ఇట్లు
మీ దగ్గర మూడు నవలలు పెట్టిన రచయిత్రి,
హ్యూస్టన్