మంచు పడకముందే కారుకు మైనం పట్టించు బిడ్డా

చిన్నా,

ఎట్లున్నావు బిడ్డా? ఇక్కడ మేమంతా బాగున్నాం. కార్తీకం చలికి మీ అమ్మ మోకాళ్ళ నొప్పి కొంచెం ఎక్కువైంది. అయినా పొద్దున ఐదింటికే లేచి భద్రకాళి గుడికి పోయి దీపం పెట్టి వస్తోంది. ఆటో ఎక్కమంటే ఎక్కదు, నడిచే పోతుంది. సమ్మక్క అత్త వాళ్ళ ప్రహరీ గోడ పంచాయితీ ఇంకా తెగలేదు. అక్క పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. ఫోన్లో అయితే ఇవన్నీ రెండు నిమిషాల్లో అయిపోయే ముచ్చట్లు, కానీ నువ్వు ఫోన్ చేసి 22 రోజులైంది. నేను చేస్తే 'మీటింగ్‌లో ఉన్నా బాపు, తర్వాత చేస్తా' అని మెసేజ్ వస్తోంది. అందుకే కూర్చుని ఇంత పొడుగు రాస్తున్నాను, తీరిక ఉన్నప్పుడే చదువు.

నేను రాసేది కారు గురించి.

దీపావళికి మీ ఇద్దరూ దీపాల ముందు నిలబడి దిగిన ఫొటో పంపావు కదా, వెనక నీ నీలం కారు కనపడుతోంది. దాన్ని వేళ్ళతో పెద్దగా చేసి చూశాను. వెనక చక్రం పైన, వంపు తిరిగే చోట, చిటికెన వేలి గోరంత బుడిపె ఉంది. ముందు నీళ్ళ చుక్కేమో అనుకున్నాను. అది చుక్క కాదు, రంగు కింద తుప్పు లేచి పైపొరను ఎత్తుతోంది. ముప్పై ఏళ్ళు డెంటింగ్ పెయింటింగ్ చేసినవాణ్ణి, అది నాకు తెలుస్తుంది. బానెట్ మీద దుమ్ము చారలు కూడా ఉన్నాయి. నా మనసు అక్కడే ఆగింది. ఇంటర్‌లో ఉన్నప్పుడు పాత టీవీఎస్ ఫిఫ్టీని ఆదివారం ఆదివారం పళ్ళపొడి బ్రష్షు పెట్టి కడిగినవాడివి నువ్వు. కారును అట్లా వదిలేశావంటే తీరిక లేకనా, మనసు బాగాలేకనా? సరే, ముందు కారు సంగతి చూద్దాం.

మీ డెట్రాయిట్ కింద ఉప్పు గనులున్నాయని మొన్న రాజేశం కాకకు చెప్పాను. మన గోదావరిఖని కింద బొగ్గు ఉన్నట్టే, మీ దగ్గర 350 మీటర్ల లోతున ఉప్పు తవ్వుతారట. కాక సింగరేణిలో అన్నేళ్ళు దిగి ఎక్కిన మనిషి, ఉప్పు కోసం అంత లోతుకు దిగుతారంటే నమ్మలేదు. ఆ ఉప్పే చలికాలంలో మీ రోడ్ల మీద చల్లుతారు. ఉప్పు కలిస్తే నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు కాబట్టి బండ్లు జారవు, మంచిదే. కానీ ఆ ఉప్పునీళ్ళు రేకుకు తగిలితే తుప్పు మామూలుగా కంటే ఎన్నో రెట్లు తొందరగా పడుతుంది. ఇంకో సంగతి, గట్టి చలిలో కంటే మంచు కరిగీ కరగకుండా తడితడిగా ఉన్న రోజుల్లోనే ఎక్కువ తింటుంది. ఉప్పుతో తడిసిన కారును వెచ్చని గ్యారేజీలో పెట్టినా అంతే, వెచ్చదనానికి తుప్పు ఇంకా జోరుగా నడుస్తుంది. కాబట్టి గ్యారేజీ లేదని దిగులు పడకు.

మన సారయ్య అల్లుడు మీ డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటాడు కదా, మొన్న వనభోజనాల దగ్గర కలిశాడు, పది రోజుల సెలవు మీద వచ్చాడట. ఏదేదో మాట్లాడాడు. అది తర్వాత రాస్తాను.

ఆ ఉప్పునీళ్ళు రంగుకు అంటకుండా ఆపడానికే మైనం పట్టించమంటున్నా. మైనాల్లో రకాలున్నాయి. కార్నూబా అని బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం, 80 డిగ్రీలు దాటితే గానీ కరగనంత గట్టిది. మెరుపులో దానికి సాటి లేదు, కానీ ఒంటరిగా వాడితే నెల, మహా అయితే రెండు నెలలు. మీ చలికాలానికి అది చాలదు. నవంబరులో వేస్తే మార్చి దాకా నిలిచేది కావాలి. సింథటిక్ సీలెంట్లు, అంటే రసాయనాలతో చేసే మైనాలు, నిలుస్తాయి. కాలినైట్ వాళ్ళ 476 అనే డబ్బా మైనం కూడా నాలుగైదు నెలలు నిలుస్తుందని చలిదేశాల వాళ్ళంతా చెప్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో యూటికా అనే ఊరి కంపెనీ అది. వాళ్ళదే 845 అని సీసాలో వచ్చేది ఇంకోటి ఉంది, దాని పేరే ఇన్సులేటర్ వ్యాక్స్. కరెంటు లైన్ల పింగాణీ ఇన్సులేటర్ల కోసం పుట్టిన మైనం అది. ఎండకూ వానకూ ఆగాల్సిన వస్తువు కోసం చేసింది కాబట్టి నాకు దాని మీద గురి. చలికి సీసాలో గడ్డకడుతుంది, కంగారుపడి పారేయకు, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు పెట్టి బాగా ఊపితే మామూలవుతుంది. సిరామిక్ కోటింగ్ అని ఎవరైనా చెప్తే ఈసారికి వద్దు. దానికి వందల డాలర్లు పెట్టే సమయం కాదు ఇది. ఒక్క మైనం డబ్బా కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

ఎందుకు సమయం కాదన్నానంటే, ఉత్తగనే అన్నాను.

పని చేసే పద్ధతి చెప్తా విను. పది డిగ్రీల కంటే వెచ్చగా ఉన్న మధ్యాహ్నం చూసుకో. మీ అపార్ట్‌మెంట్‌లో బకెట్ పెట్టి కడగనివ్వరని కోడలు శ్రావ్య చెప్పింది, నాణేలు వేసి మనమే కడుక్కునే చోట్లు ఉంటాయి కదా, అక్కడికి పో. ముందు చక్రాల లోపల, కారు అడుగున గట్టిగా నీళ్ళు కొట్టు. కారు ఒళ్ళు కడగడానికి కార్ షాంపూనే వాడు. గిన్నెలు కడిగే సబ్బు రోజూ వాడేది కాదు, ఇప్పుడు ఒక్కసారికి మాత్రం పాత మైనం వదలడానికి పనికొస్తుంది. తర్వాత తడి ఒంటి మీద అరచేయి పెట్టి నిమురు. ఇసుక కాగితంలా గరగర తగిలితే రేకు మీద ఇనుప రజను అతుక్కుని ఉన్నట్టు. క్లే బార్ అని మెత్తటి మట్టిముద్ద దొరుకుతుంది, సబ్బునీళ్ళు జల్లుకుంటూ దానితో రుద్దితే గాజులా నున్నగా వస్తుంది. ఆరబెట్టాక నీ స్నేహితుడి గ్యారేజీకి తీసుకుపోయి మైనం పెట్టు. ఒక్కో భాగం, ముందు సగం బానెట్, తర్వాత మిగతా సగం, అట్లా. పలచగా పెట్టాలి బిడ్డా, పెట్టామా లేదా అని అనుమానం వచ్చేంత పలచగా. మందంగా పెడితే ఎక్కువ నిలుస్తుందనుకుంటారు, అది తప్పు, రేకుకు అంటేది రేకుకు అంటుతుంది, మిగతాదంతా తుడవలేక చేతులు పడిపోవడమే. 476 పూర్తిగా ఎండిపోకముందే తుడిచేయాలి, ఎండితే రాయి. మర్నాడు ఇంకో కోటు. నేను పాత బనియన్ గుడ్డలు వాడేవాణ్ణి, నువ్వు మాత్రం మైక్రోఫైబర్ గుడ్డే వాడు, నీలం కారు మీద చిన్న గీత పడినా కనపడుతుంది.

ఆ బుడిపె మీద మాత్రం మైనం పెట్టకు. గీకి, కింద మెరిసే రేకు వచ్చేదాకా తీసి, ప్రైమర్, ఆపైన టచప్ రంగు. రంగు నంబరు డ్రైవర్ డోరు చట్రం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. ఆ రంగు గట్టిపడడానికి నెల పడుతుంది, అప్పటిదాకా ఆ చోటు వదిలేసి మిగతా కారుకు పట్టించు. బద్ధకించి పైపైన పూసేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

అది 1998 మేడారం జాతర అయిపోయిన ఎండాకాలం. నువ్వు రెండేళ్ళ పిల్లాడివి. హనుమకొండ కాంట్రాక్టర్ ఒకాయన కాకినాడ నుంచి సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొనుక్కొచ్చాడు, తెల్లది. ఎనిమిది రోజుల్లో కూతురి పెళ్ళి, కొత్త రంగు కొట్టియ్యమన్నాడు. పైకి బండి బాగుంది, కానీ డోర్ల కింద నాలుగు చోట్ల బుడిపెలు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే ఛాయ్‌లో ముంచిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగింది. సముద్రపు గాలి ఉప్పు లోపల్లోపల రేకును తినేసింది. ఉస్తాద్ అప్పుడు నిజామాబాద్ పోయి ఉన్నాడు, షెడ్డు నా చేతిలో ఉంది. రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలంటే పదిహేను రోజులు కావాలి. ఆ మాట చెప్తే పని వేరే షెడ్డుకు పోతుంది. నాకేమో పైసలు కావాలి. బుడిపెలను వాటర్ పేపర్‌తో రుద్ది, లప్పం పెట్టి, ప్రైమర్ వేసి, డ్యూకో రంగు మూడు కోట్లు కొట్టి, రబ్బింగ్ చేసి, మైనం పట్టించి ఇచ్చాను. అద్దం లాగా వచ్చింది. ఆయన సంతోషపడి రెండు వందలు ఎక్కువిచ్చాడు. పెళ్ళి ఊరేగింపు చౌరస్తా మీదుగా పోతుంటే నేను నిలబడి చూశాను.

వానాకాలం పోయింది. దసరా ముందు ఆయన బండి తీసుకుని వచ్చాడు. డోరు కింద లప్పం పగిలి పెచ్చు లేచింది, ఆ పెచ్చును గోరుతో ఎత్తాడు. కింద రేకు లేదు, అరచేయి పట్టేంత రంధ్రం. నేను తిట్లు తినడానికి తయారై నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. 'అప్పుడే చెప్తే పెళ్ళికి ఇంకో బండి చూసుకునేవాణ్ణి కదయ్యా, నాకెందుకు చెప్పలేదు' అన్నాడు. ఉస్తాద్ అక్కడే ఉండి విన్నాడు, ఒక్క మాట అనలేదు, కటింగ్ కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. రేకంతా కోసి, కొత్తది అతికించి, మళ్ళీ రంగు కొట్టి ఇచ్చేసరికి నెల దాటింది, పైసా తీసుకోలేదు. ఆ దెబ్బకు రెండు నెలలు మన ఇంటి కిరాయి ఆగింది. మీ అమ్మకు చెప్పలేదు నేను, రోజూ పొద్దున అన్నం డబ్బా కట్టించుకుని మామూలుగా పోయి వచ్చేవాణ్ణి. ఇంటి ఓనరమ్మ నల్లా దగ్గర నలుగురిలో అడిగితే తెలిసింది మీ అమ్మకు. ఆ సాయంత్రం పుస్తెలతాడు కుదువపెట్టి కిరాయి కట్టింది, వారం రోజులు నాతో మాట్లాడలేదు. పైసలు పోయినందుకు మాట్లాడక కాదు. ఈ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ అక్కకు కూడా తెలియదు.

సారయ్య అల్లుడు ఏమన్నాడో రాస్తాను. మీ కంపెనీలో చాలామందిని తీసేశారని, అందులో మీ టీమ్ కూడా ఉందని విన్నానన్నాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ చూసుకోవాలని, లేకపోతే వీసాకు చిక్కు వస్తుందని కూడా చెప్పాడు. మీ అమ్మ అప్పుడు ఉసిరిచెట్టు కింద వడ్డిస్తోంది, వినలేదనుకున్నా. విన్నది. రాత్రి క్యాలెండర్ ముందు నిలబడి రోజులు లెక్కపెడుతోంది. అది అబద్ధమైతే ఒక్క మాట రాయి, సారయ్యకు నేనే చెప్తాను. నిజమైతే కూడా రాయి. నేను టెన్షన్ పడతానని దాస్తున్నావేమో, తెలియనప్పుడే టెన్షన్ ఎక్కువగా ఉంది బిడ్డా, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నాను. హసన్‌పర్తి ప్లాటు ఉంది, అది నీ పెళ్ళికి కూడా అమ్మలేదు, ఇప్పుడు అవసరమైతే అమ్ముదాం. వెనక్కి రావాల్సి వస్తే పై అంతస్తు గది ఖాళీగానే ఉంది. జనవరి చివర్లో జాతర కూడా ఉంది, ఆ సమయానికి వస్తే నీ ఎత్తు బెల్లం తూచి అమ్మవార్లకు ఇస్తానని మీ అమ్మ మొక్కింది.

ఉపన్యాసం ఇవ్వొద్దు అనుకునే మొదలుపెట్టాను, అదే అయింది. ఇంకో రెండు మాటలు రాసి ఆపేస్తా. మంచు పడ్డాక కారు మీది మంచును పారతో, చీపురుతో గీకకు, ఇసుక ఉంటుంది, గీతలు పడతాయి. స్పాంజి బ్రష్షు వాడు. అద్దం మీద వేడినీళ్ళు పోయకు, పగులుతుంది. డోర్ల రబ్బర్లకు సిలికాన్ గ్రీజు పూస్తే పొద్దున అతుక్కుపోవు. కడిగిన రోజు డోరు సందులు కూడా తుడువు. నీకు చిన్నప్పటి నుంచి చలి పడదు, చెవులు మూసుకో, చేతులకు రెండు జతల గ్లౌజులు ఉంచు. శ్రావ్యకు కారు ఇచ్చేముందు టైర్ల గాలి చూసి ఇయ్యి, చలికి గాలి దిగుతుంది. సకినాలు, నువ్వుల లడ్డూలు, అమ్మ చేసిన కారం పొడి పార్సిల్ కట్టి పెట్టాం. మీ అడ్రస్ అదేనా, మారిందా, చెప్తే పంపిస్తా.

మీ గడియారాలు వెనక్కి తిప్పారు కాబట్టి ఇప్పుడు మనకు పదిన్నర గంటల తేడా. ఆదివారం మీకు పొద్దున తొమ్మిదైతే మాకు సాయంత్రం ఏడున్నర. అప్పుడు ఇంట్లోనే ఉంటాం ఇద్దరం. ఫోన్ కుదరకపోతే, మైనం పెట్టడం అయ్యాక బానెట్ మీద చెంబెడు నీళ్ళు పోసి వీడియో తీసి పంపు. నీళ్ళు పలచగా పరుచుకోకుండా గుండ్రంగా చుక్కలు కట్టి జారిపోతే పట్టినట్టే, నేను చూసి చెప్తాను. వీడియో నువ్వు తీయకు, ఫోన్ శ్రావ్యకు ఇచ్చి నువ్వు కారు పక్కన నిలబడు.

మీ బాపు