డెవాప్స్ ల్యాబుకు క్లౌడ్ ఖాతా అక్కర్లేదు

సంపాదకులకు,

యాప్‌లను కంటైనర్లలో పెట్టి నడిపించే కుబెర్నెటిస్ నేర్చుకోవాలంటే క్లౌడ్‌లో ఖాతా తెరవాలని, దానికి డెబిట్ కార్డు ఇవ్వాలని కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీ, నిర్వహణ) ల్యాబుల్లో పిల్లలకు చెబుతున్నారు. ఇది పూర్తిగా అనవసరం. కుబెర్నెటిస్‌ను ల్యాప్‌టాప్‌లోనే నడిపే మినీక్యూబ్‌కు 2 సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్కు ఉంటే చాలు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. అసలు లోటు మరోచోట ఉంది. ఏం నడపాలో కుబెర్నెటిస్‌కు చెప్పే యామల్ ఫైలు బట్టీ పట్టించి, పాడ్ (కుబెర్నెటిస్‌లో యాప్ నడిచే చిన్న యూనిట్) ‘రన్నింగ్’ అని కనబడగానే రికార్డు మీద సంతకం పెట్టేస్తున్నారు. ఆగిపోతే ఎందుకు ఆగిందో వెతకడం నేర్పడం లేదు.

పైథాన్‌లో ఫ్లాస్క్‌తో రాసిన చిన్న వెబ్ యాప్‌నే తీసుకోండి. యాప్‌నూ దాని లైబ్రరీలనూ కలిపి డాకర్‌తో ‘ఇమేజ్’ అనే ప్యాకేజీగా కట్టడానికి సూచనలుండే డాకర్‌ఫైల్ ఐదారు వరుసలు మించదు. పైథాన్ స్లిమ్ ఇమేజ్ మీద ముందు లైబ్రరీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఒక్కటే కాపీ చేసి, వాటిని దించే పిప్ ఇన్‌స్టాల్ నడిపి, ఆ తర్వాతే మిగతా కోడ్ కాపీ చేయాలి. కోడంతా ముందే కాపీ చేస్తే ఒక్క అక్షరం మార్చినా లైబ్రరీలన్నీ మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి.

ఎక్కువమంది ఆగిపోయేది దీని తర్వాతే. ఇమేజ్ తయారైంది, ‘డాకర్ ఇమేజెస్’ అని కొడితే కనబడుతోంది, పాడ్ మాత్రం ‘ఇమేజ్‌పుల్‌బ్యాకాఫ్’ (ఇమేజ్ తెచ్చుకోలేకపోయాను) అంటుంది. ల్యాప్‌టాప్‌లోని డాకర్ వేరు, మినీక్యూబ్ లోపల ఇమేజ్‌లు దాచుకునే చోటు వేరు. తన దగ్గర లేనిదాన్ని మినీక్యూబ్ ఇంటర్నెట్‌లోని ఇమేజ్‌ల నిల్వ (రిజిస్ట్రీ) అయిన డాకర్ హబ్‌లో వెతుకుతుంది, అక్కడా దొరకదు. ‘మినీక్యూబ్ ఇమేజ్ లోడ్’తో మనమే లోపలికి పంపాలి. మినీక్యూబ్ లాంటిదే అయిన కైండ్ వాడేవారికి ‘కైండ్ లోడ్ డాకర్-ఇమేజ్’ ఉంది. పంపాక కూడా అదే ఎర్రర్ వస్తే ఇమేజ్ పేరు చివరి వెర్షన్ గుర్తు, అంటే ట్యాగ్ చూడండి. ట్యాగ్ ఇవ్వకపోతే ‘లేటెస్ట్’ అని పడుతుంది, దాంతో ఇమేజ్ ఎప్పుడు తెచ్చుకోవాలో చెప్పే పుల్ పాలసీ ‘ఆల్వేస్’ (ప్రతిసారీ) అయిపోతుంది. ఇమేజ్ ఎదురుగా ఉన్నా రిజిస్ట్రీనే అడుగుతుంది. 1.0 అని ట్యాగ్ పెడితే ఈ బాధ లేదు. కోడ్ మార్చినప్పుడల్లా 1.1, 1.2 అని పెంచుతూ యామల్‌లోనూ మార్చాలి. యామల్ మారకపోతే ‘అప్లై’ కొట్టినా పాత పాడే నడుస్తూ ఉంటుంది.

పాడ్ నడుస్తున్నా పేజీ తెరుచుకోకపోవడం ఇంకో చిక్కు. ఫ్లాస్క్ మామూలుగా 127.0.0.1 మీదే వింటుంది, అంటే పాడ్ బయటి నుంచి ఎవరూ చేరలేరు. అన్ని చిరునామాల మీదా, అంటే 0.0.0.0 మీద వినమని చెప్పాలి. పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. ‘పోర్ట్-ఫార్వర్డ్’ ఆదేశం పాడ్ లోపలి లోకల్‌హోస్ట్‌కే (127.0.0.1) కలుపుతుంది కాబట్టి దానితో పేజీ వచ్చేస్తుంది, పాడ్‌కు ట్రాఫిక్ చేర్చే సర్వీస్ ద్వారా రాదు. తప్పంతా సర్వీస్ ఫైల్లోనే ఉందనుకుని గంటలకొద్దీ దాన్నే దిద్దుతారు. సర్వీస్ ఏ పాడ్ల ఐపీలకు కలుస్తోందో చూపే ‘కుబ్‌సీటీఎల్ గెట్ ఎండ్‌పాయింట్స్’ కొడితే నిమిషంలో తేలుతుంది. పాడ్ సిద్ధంగా ఉన్నా అక్కడ ఖాళీగా కనబడితే సర్వీస్ తన పాడ్లను గుర్తుపట్టే సెలెక్టర్‌కూ పాడ్ లేబుల్‌కూ పొంతన లేదు. ఐపీ కనబడితే టార్గెట్‌పోర్ట్ ఫ్లాస్క్ వాడే 5000 అని ఉందా, యాప్ ఏ చిరునామా మీద వింటోంది అన్నవి చూడాలి.

ల్యాబులకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. లాగిన్ కాకుండా డౌన్‌లోడ్ చేసేవారికి డాకర్ హబ్ 2020 నవంబర్ నుంచి పరిమితి పెట్టింది. అది ఐపీ చిరునామాను బట్టి లెక్క. ల్యాబు మొత్తం ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ మీద ఉంటే అందరి డౌన్‌లోడ్లూ ఒకే ఐపీ లెక్కలో పడి, సగం మందికి ‘టూమెనీరిక్వెస్ట్స్’ ఎర్రర్ వస్తుంది. అధ్యాపకులు ముందురోజే బేస్ ఇమేజ్‌ను ‘డాకర్ సేవ్’తో టార్ ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే సరిపోతుంది. అంతకన్నా మేలు, ల్యాబు సర్వర్ మీద సొంత రిజిస్ట్రీ నడపడం. దానికి హెచ్‌టీటీపీఎస్ లేకపోతే ‘ఇన్‌సెక్యూర్ రిజిస్ట్రీ’ ఆప్షన్‌ను మినీక్యూబ్ మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడే ఇవ్వాలి. అప్పటికే ఉన్న క్లస్టర్‌కు (మినీక్యూబ్ తయారుచేసిన కుబెర్నెటిస్ ఏర్పాటుకు) అది అంటదు, డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

విశ్వవిద్యాలయాలకు మా మనవి ఒక్కటే. ల్యాబు పరీక్షలో ఫైలు రాయించడం మానండి. లేబుల్ తప్పిన సర్వీస్, మెమరీ చాలక 137 ఎగ్జిట్ కోడ్‌తో చనిపోతున్న పాడ్ ఉన్న క్లస్టర్‌ను ముందు పెట్టండి. ‘డిస్క్రైబ్’, ‘లాగ్స్’ చూసి కారణం కనిపెట్టినందుకు సగం మార్కులు, సరిచేసినందుకు మిగతా సగం ఇవ్వండి.

— సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, హనుమకొండ