ఉలవపాడు పెద్దమ్మ పసుపు బిళ్ళల సంగతి

ఒరేయ్ సుబ్బూ,

ఎట్టుండావురా? నీ మెసేజిలన్నీ చూశా, జవాబు ఇవ్వలేదని తిట్టుకుంటా ఉంటావు, సారీ రా నిజంగా. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఆఫీసులో ఉంటావ్, మధ్యలో ఒక్క నిమిషం అని పెట్టేస్తావ్, ఇదేమో ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదు. అందుకే ఇయ్యాల పొద్దున్నే కూర్చుని టైపు చేస్తుండా, ఓపిగ్గా చదువు.

ముందు ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. అందరం బాగుండాం, పాప టెన్త్ పాసయింది, నాన్న కోతలు అయిపొయినయ్, మన కాలేజీ ముందు టీ అంగడి ఎత్తేశారు (దీని గురించి విడిగా ఏడుద్దాం). అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఉలవపాడు పెద్దమ్మ చావు దాకా పొయ్యొచ్చింది రా. ఇప్పుడు బాగుంది, కంగారు పడబాక, నిన్న కూడా నీ గురించి అడిగింది, ఆ మూడో మామిడికాయ దొంగ ఎట్టుండాడు అని. కానీ ఆ వారం మాత్రం... సరే మొదట్నుంచి చెప్తా.

పెద్దమ్మకి కీళ్ళవాతం అని నీకు తెలుసుగా. వేళ్ళ కణుపులు వాచిపొయ్యి, పొద్దున లేచాక పిడికిలి ముయ్యడానికి గంట పట్టేది. మనకి అన్ని దోసెలు పోసిపెట్టిన చెయ్యి, కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకోవాల్సి వచ్చేది. సంక్రాంతి అయినాక శీనన్నా నేనూ కలిసి నెల్లూరు పొగతోటలో ఒక కీళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకపొయ్యాం. ఆయన మెథోట్రెక్సేట్ అనే మందు రాశాడు, 10 మిల్లీగ్రాములు, వారానికి ఒక్కసారే, బుధవారం. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. మంచి డాక్టరు రా ఆయన, చీటీలో రాయడమే కాకుండా పెద్దమ్మ చేత తిరిగి చెప్పించాడు, "ఏ రోజమ్మా?" "బుధవారం సామీ" "రోజూ వేసుకోవచ్చా?" "వద్దు". రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు అని నా మొహం చూసి మరీ చెప్పాడు. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది, ఉండబట్టే... సరే వస్తా అక్కడికి.

మందు బలే పని చేసింది. వెంటనే కాదు, ఈ మందుకి వారాలు పడుతుందంట. ఉగాదికల్లా పెద్దమ్మ తన చేత్తో ఓళిగలు తట్టింది రా! వదిన వీడియో తీసి పంపింది, నీకు ఫార్వర్డ్ చేశా గదా.

ఉగాది అయినాక మొదటి షీటు అయిపోయింది. శీనన్న మామిడి తోట గొడవలో ఉండి, పనికొచ్చే పిల్లోడి చేతికి చీటీ జిరాక్సు ఇచ్చి మెడికల్ షాపుకి పంపించాడు. ఏ షాపని రాయను, రాసి లాభం లేదు, అన్ని ఊళ్ళలో ఇదే వరస. ఆ షాపాయన మెథోట్రెక్సేట్ పది బిళ్ళల షీటు ఒకటి, ఫోలిక్ యాసిడ్ పెద్ద షీటులోంచి కత్తెరతో కోసిన ముక్క ఒకటి, రెండూ తీశాడు. చిన్న కాగితం కవర్లు ఉంటయ్ గదా, ఒక దాని మీద బుధ అని, ఇంకో దాని మీద రోజూ 1 అని రాశాడు. రాసినవి బానే రాశాడు. లోపల పెట్టేటప్పుడు తారుమారు అయినయ్.

నువ్వు ఆ రెండు బిళ్ళల్నీ చూడాల రా. రెండూ గుండ్రం, రెండూ చిన్నవి, రెండూ పసుపు. కోసిన ముక్క మీద మందు పేరులో వెనక మూడు అక్షరాలు మిగిలినయ్, ఎక్స్‌పైరీ డేటు అసలు లేదు. ఇంకోదాని మీద పేరు పూర్తిగానే ఉంది, కానీ ఇంగ్లీషులో. మా పెద్దమ్మ పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చావు ప్రకటనల దాకా చదివే మనిషి, ఇంగ్లీషు రాదు అంతే. కవరు మీద ఏముందో అది నమ్మింది. నమ్మకుండా ఎట్టా ఉంటది?

నాలుగైదు రోజులకి నోట్లో మంట మొదలైంది. ఏప్రిల్ ఎండలు, కొత్త మామిడికాయ పచ్చడి, వేడి చేసిందిలే అనుకున్నారు అందరూ. సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు. తగ్గకపోతే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి పొయ్యారు, ఆయన బి కాంప్లెక్స్ ఇచ్చి, నోటికి జెల్ ఇచ్చి, ఒళ్ళు నొప్పులంటే డైక్లోఫెనాక్ ఇంజక్షన్ కూడా పొడిచి పంపాడు. ఇంకేం మందులు వాడుతుండావమ్మా అని ఆయన అడగలా, ఈమె చెప్పలా, కీళ్ళ బిళ్ళలే గదా నోటికీ వాటికీ ఏం సంబంధం అనుకుంది. తర్వాత నెల్లూరులో చెప్పారు నాకు, మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పొయ్యేది ఎక్కువగా కిడ్నీల దారిలోనే, నొప్పుల ఇంజక్షన్ ఆ కిడ్నీల పని మందగింపజేస్తుంది, అంటే పోవాల్సిన మందు లోపలే నిలబడిపోద్ది. అసలే ఎక్కువైన దానికి తోడు ఇది.

నేను పొయ్యింది ఆదివారం, ఊరికే చూసొద్దామని. పెద్దమ్మ వరండాలో మంచం మీద కూర్చుని మజ్జిగ స్పూనుతో తాగుతుంది, ఒక్కో స్పూనుకీ కళ్ళల్లో నీళ్ళు కారతుండయ్. నోరు తెరిచి చూపించమంటే నాలుక అంచులు, పెదాల లోపలి పక్క అంతా తెల్లగా పొక్కిపొయ్యి ఉంది. జ్వరం. మోచేతి కింద సన్నటి ఎర్ర చుక్కలు, దోమలు కుట్టినయ్ అంది వదిన. నేను వేలితో నొక్కి చూశా, నొక్కినా ఆ ఎరుపు పోలేదు. అప్పుడు నాకు ఆ డాక్టరు మొహం గుర్తొచ్చింది రా సుబ్బూ, రోజూ వేసుకుంటే ముప్పు అన్న మొహం.

బిళ్ళలన్నీ తీసుకురా వదినా అన్నా. బిస్కెట్ డబ్బా తెచ్చింది. రోజూ అని రాసి ఉన్న కవర్లోంచి షీటు బయటికి తీశా. పదింట్లో ఒక్కటే మిగిలింది. పది వారాలు రావాల్సిన షీటు!

నా చేతులు ఎట్టా వణికినయ్యో చెప్పలేను. మనం లెక్చరర్ అని పిలిచేవాడికి ఫోన్ కొట్టా (వాడిప్పుడు పీహెచ్‌సీలో ఫార్మసిస్టు, నీకు చెప్పాగా). ఫోటో చూసి రెండు మాటలే మాట్లాడాడు, ఇంకేమీ మింగించబాక, ఆ షీట్లూ కవర్లూ చీటీ అన్నీ పట్టుకుని ఇప్పుడే బయల్దేరు, రేపు పొద్దున దాకా ఆగబాక. అంత సీరియస్‌గా వాడు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలా. మా నుంచి ఒంగోలే దగ్గర, కానీ మందు రాసిన డాక్టరుకి ఫోన్ దొరికింది, ఆయన నెల్లూరు తెచ్చెయ్యండి, నేను చెప్పి ఉంచుతా అన్నాడు. కారులో కావలి దాటేదాకా ఎవ్వరం నోరు మెదపలా.

అక్కడ రక్తం తీశారు. తెల్ల కణాలు కనీసం నాలుగు వేలు ఉండాలంట, పెద్దమ్మకి 1,400. ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉండాలి, 38,000. క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్టా పని చేస్తున్నయ్యో చెప్పే లెక్క) కూడా పెరిగింది. ఆ ఎర్ర చుక్కలు ప్లేట్‌లెట్లు పడిపోబట్టే. శీనన్న కారిడార్లో గోడకి ఆనుకుని అట్నే కింద కూర్చుండిపొయ్యాడు.

డ్యూటీలో ఒక చిన్న డాక్టరమ్మ ఉండింది, మన పాపకంటే పదేళ్ళు పెద్దదేమో, రాత్రి పన్నెండప్పుడు కూడా విసుక్కోకుండా నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ఒంట్లో కొత్త కణాలు తయారవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలంట, కానీ అది ఉన్నదున్నట్టు పనికిరాదు, ఒక ఎంజైమ్ దాన్ని మార్చాల. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైమ్‌ని పట్టేసుకుంటది. మన సోమశిల కాలవకి షట్టర్ దించినట్టు అనుకో. వారానికొకసారి కాస్త దించితే కీళ్ళ మీద ఎగబడే కణాలు నెమ్మదిస్తయ్, మిగతా ఒళ్ళు తట్టుకుంటది. రోజూ దించితే కింద పొలమంతా ఎండిపోద్ది, అందులోనూ రోజూ కొత్తగా పుట్టాల్సినవి ముందు ఎండిపోతయ్, నోటి లోపలి పొర, పేగులు, ఎముక మూలుగలో తయారయ్యే రక్తం. ఇట్టాంటప్పుడు మామూలు ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా లాభం లేదు, అది షట్టర్ పైనే ఆగిపోతది. అందుకే ల్యూకోవొరిన్ అనే ఇంజక్షన్ ఇచ్చారు, అది షట్టర్ దాటినాక కలిసే నీళ్ళు. ఆరు గంటలకొకసారి ఇచ్చారు, సెలైన్ ఎక్కిస్తా ఉన్నారు, ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ కూడా, మమ్మల్ని మాస్కు లేకుండా లోపలికి రానీయలా. నాలుగు రోజుల దాకా నంబర్లు కదల్లేదు. ఐదో రోజు తెల్ల కణాలు 2,100 అని చెప్పారు, శీనన్న కిందికి పొయ్యి అందరికీ టీ తెచ్చాడు, వార్డు బాయ్‌కి కూడా.

ఆ డాక్టరమ్మే ఇంకో మాట చెప్పింది, అది నీకు చెప్పాలని అప్పట్నుంచి కొట్టుకుంటుండా. ఈ రెండు బిళ్ళలూ ఒకే చోట పుట్టినయ్ రా! మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలో లెడర్లే కంపెనీలో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు, 1940ల్లో ఆయన టీమే ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది, దానికి అడ్డం పడే మెథోట్రెక్సేట్‌ని కూడా ఆ టీమే తయారు చేసింది. బోదకాలు బిళ్ళలు పంచేవాళ్ళు గుర్తుందా, మన స్కూల్లో, ఆ మందు కూడా ఆయన ల్యాబులోదే. మెథోట్రెక్సేట్ మొదట క్యాన్సర్ కోసం, ఇప్పటికీ బ్లడ్ క్యాన్సర్‌కి వాడతారు, అక్కడ డోసులు వేరే లోకం. ఆయన 1948లోనే పొయ్యారు. ఇది పెద్దమ్మకి చెప్పా, అప్పటికి కొంచెం మాట వస్తుంది. విని కాసేపు ఆలోచించి, "అంత పెద్ద తెలుగాయన, ఆ షీటు మీద వారానికి ఒక్కటే అని రెండు ముక్కలు తెలుగులో రాపించకపొయ్యాడే" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు రా. నిజం గదా? ఎంత సేపు పట్టుద్ది ఆ రెండు ముక్కలు అచ్చెయ్యడానికి? షీటు వెనక ఎర్ర గీత ఉంటది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని గుర్తు, అది కూడా ఎంతమందికి తెలుసు. చదువు రాక కాదు, వచ్చిన చదువులో ఆ మాట లేక మనిషి పోవడం ఏంది అసలు... నాకు రాసేకొద్దీ కోపం వస్తుంది, ఆపుతా.

ఇప్పుడు ఇంట్లో ఏం చేశామంటే, కీళ్ళ బిళ్ళ డబ్బాలోంచి తీసేసి వదిన బీరువాలో విడిగా పెట్టేట్టు మాట్లాడుకున్నాం (ప్రస్తుతానికి ఆపేశారు, రక్తం పూర్తిగా కుదుటపడినాక మళ్ళీ ఇవ్వాలా వేరేది మార్చాలా అని డాక్టరు చూస్తాడంట). మిగతా మందులకి ఏడు గదుల డబ్బా కొన్నాం, ఒక్కో గది మీద వారం పేరు తెలుగులో స్కెచ్ పెన్నుతో పాప రాసింది. కోసిన ముక్కలు తీసుకోం, పూర్తి షీటే, బిల్లుతో, షాపు దగ్గరే చీటీతో పేరు సరిచూసి. పెద్దమ్మ ఏమేం మందులు ఎందుకు వాడతదో ఒక కాగితం మీద రాసి లామినేషన్ చేయించా, ఏ డాక్టరు దగ్గరికి పొయ్యినా ముందు అది చేతిలో పెట్టాల, ఆర్ఎంపీ అయినా సరే. పెద్దమ్మకి మాత్రం ఇంకా భయం పోలా, ఆ బిళ్ళ విషం అంటది. విషం కాదు పెద్దమ్మా, ఓళిగలు తట్టించింది కూడా అదే గదా అంటే ఇంకో పక్కకి తిరిగి పడుకుంటది.

ఇంక నీ సంగతి. నువ్వు నవ్వబాక, సీరియస్‌గా చెప్తుండా. మీ నాన్నకి సుగరు బిళ్ళలు ఒంగోల్లో ఒక డాక్టరు, నీ దగ్గరికి చెన్నై వచ్చినప్పుడు ఇంకో డాక్టరు రాశారు గదా. రెండు కంపెనీల పేర్లు వేరే ఉండి లోపల మందు ఒకటే అయితే? గ్లిమెపిరైడ్ రెండు పేర్లతో రెండు సార్లు పడితే, దానికి తోడు ఆయన శనివారం ఒంటిపూట ఉంటాడు, సుగరు ఒక్కసారిగా పడిపోద్ది, చెమటలు, వణుకు, మాట తడబడతది, మందెక్కువైందని కాకుండా నీరసం అనుకుంటారు. షీటు మీద పెద్ద అక్షరాల పేరు వదిలెయ్, దాని పక్కన చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటది, అది చూడు. జలుబు బిళ్ళల్లో కూడా పారాసెటమాల్ ఉంటది, పైన జ్వరం బిళ్ళ వేరే వేసుకుంటారు, అట్టా లెక్క దాటితే లివర్ దెబ్బతింటది. మీ అమ్మకి బీపీ, మోకాళ్ళ నొప్పులు రెండూ ఉండాయి, నొప్పి బిళ్ళ షాపులో అడిగి తెచ్చుకుంటదా లేదా అది కనుక్కో ముందు. ఈ శనివారం పినాకినిలో ఇంటికి పొయ్యి డబ్బా మొత్తం మంచం మీద కుమ్మరించి ఒక్కొక్కటి ఫోటో తీసి నాకు పంపు, లెక్చరర్ చూస్తానన్నాడు, వాడే అడిగాడు నిన్ను. డాక్టరుని అడక్కుండా నీ అంతట నువ్వు ఏదీ ఆపించబాక మళ్ళీ, అది ఇంకో తలనొప్పి. వచ్చేటప్పుడు ఇటు రా, బంగినపల్లి మంచి కాపు ఈసారి, శీనన్న నీ కోసం ఒక పెట్టె పక్కన పెట్టాడు, మూడో కాయ లెక్క ఆయనే చూసుకుంటాడంట.

అన్నట్టు గొడుగు మాస్టారు కనపడ్డాడు కావలి స్టేషన్లో, నిన్ను గుర్తుపట్టి ఏమన్నాడో తెలుసా, ఆ రోజు వాన... అబ్బా వదిన ఫోన్ చేస్తుంది, ఇయ్యాల పెద్దమ్మకి రక్తపరీక్ష, ల్యాబు తొమ్మిదికే తీస్తారు, బండి తియ్యాల. మాస్టారు సంగతి తర్వాత రాస్తా. ఫోటోలు పంపు.

నీ
చిన్నా