2025 వార్షిక నివేదిక: ఒకే ఏడాదిలో రెండు ‘పై’ పండుగలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వేసవి పిక్నిక్, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి, ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మొదటిసారి చేసిన ‘పై’ పండుగ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ‘పై’ అంటే ఏ వృత్తానికైనా చుట్టుకొలతను అడ్డంకొలతతో (వ్యాసంతో) భాగిస్తే వచ్చే సంఖ్య, 3.14159... జనవరి మీటింగులో ఈ మాట వచ్చినప్పుడు, "తెలుగు సంఘానికి లెక్కల పండుగ ఎందుకండీ?" అని కొందరు సభ్యులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఏడాది గడిచాక దానికి నా దగ్గర సమాధానం ఉంది.

అసలు ఈ పండుగ పుట్టిందే మన పక్కన. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లోరటోరియం అనే సైన్స్ మ్యూజియంలో పనిచేసిన లారీ షా 1988లో దీన్ని మొదలుపెట్టారు. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి మార్చి 14 అంటే 3/14. తర్వాతి అంకెలు 1, 5, 9 కాబట్టి ముహూర్తం మధ్యాహ్నం 1:59. ఆ వేళకు మ్యూజియంలో ఊరేగింపు బయలుదేరుతుంది. ‘పై’ గుర్తు ఉన్న ఇత్తడి పలక చుట్టూ 3.14 సార్లు తిరుగుతారు. ఐన్‌స్టయిన్ పుట్టింది కూడా మార్చి 14నే కాబట్టి ఆయనకు పుట్టినరోజు పాట పాడతారు. ప్రదక్షిణలు మనకు కొత్తేమీ కాదు. మూడు పూర్తిచేసి నాలుగోదాంట్లో దాదాపు ఏడో వంతు దగ్గర ఆగాలి, అంతే. 2009లో అమెరికా ప్రతినిధుల సభ ఈ రోజును గుర్తిస్తూ తీర్మానం చేసింది. 2019లో యునెస్కో ఇదే తేదీని అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది.

మన పండుగ మార్చి 14 శుక్రవారం సాయంత్రం జరిగింది. ముందు రాత్రి చంద్రగ్రహణం కోసం పిల్లలు చాలామంది మేలుకున్నారు, పైగా ఆ రోజే హోలీ. ఎవరైనా వస్తారా అని అనుమానపడ్డాం. అంతలో మధ్యాహ్నం బేకరీ నుంచి ఫోన్. పేరు కలిసిందని మనం చెప్పిన పైల (‘పై’ అనే గుండ్రటి బేకరీ వంటకం) ఆర్డర్ వాళ్ల దగ్గర నమోదే కాలేదట. నాకు ఒకటే టెన్షన్. నలుగురు సభ్యురాళ్లు "పైలు లేకపోతే బొబ్బట్లు ఉన్నాయి కదా" అని అప్పటికప్పుడు శనగపప్పు కుక్కర్లో పెట్టేశారు. సాయంత్రం ఆరింటికల్లా వేడి బొబ్బట్లు, నేతి గిన్నెలు హాల్లో సిద్ధం. ఆ నలుగురికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

పిల్లలంతా ఇంటి నుంచి గుండ్రటి వస్తువులు తెచ్చారు: గిన్నె మూతలు, గాజులు, స్టీలు పళ్లేలు, ఒక అట్ల పెనం. పని తేలికే. చుట్టూ దారం పెట్టి కొలవాలి, దాన్ని అడ్డంకొలతతో భాగించాలి. పెనం అడ్డంగా సరిగ్గా 12 అంగుళాలు. రెండో తరగతి పాప దారం చుట్టి కొలిస్తే 38న్నర వచ్చింది. భాగిస్తే 3.2 దాటింది. పాప ముఖం చిన్నబోయింది. పక్కనే కూర్చున్న ఒక బామ్మగారు లేచి వచ్చి, "పూలదండ కట్టేటప్పుడు ముడి వదిలేస్తే పూలు జారిపోవూ? దారం బిగించి పట్టు తల్లీ" అని రెండో కొస తాను పట్టుకున్నారు. ఈసారి 37 ముప్పావు. భాగిస్తే 3.146. బామ్మగారికి ఇంగ్లీషు రాదు, పాపకు తెలుగు అంతంతమాత్రం. అయినా ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ హాల్లో కనిపించిన ప్రతి మూతనీ కొలుస్తూనే ఉన్నారు.

ఆ సాయంత్రం లోటు కూడా చెప్పాలి. ఇంతమంది పెద్దవాళ్లు వస్తారని ఊహించక కుర్చీలు తక్కువ వేయించాను. కొందరు గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చింది. బాధ్యత నాదే, క్షమించాలి.

రెండో పండుగ ఆలోచన ఆ పెద్దవాళ్లదే. ఒక సభ్యురాలి నాన్నగారు, రిటైరైన లెక్కల మాస్టారు, "మనం తేదీ ముందు రాస్తాం కదా, మన లెక్కన పండుగ జూలై 22న రావాలి" అన్నారు. బడిలో ‘పై’కి బదులు వాడే భిన్నం 22/7 మరి! ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆ నెలలో ఇక్కడే ఉంటారు, పిల్లలకు సెలవులు. మంగళవారం పొద్దున్నే ఫ్రీమాంట్‌లో లేక్ ఎలిజబెత్ పక్కన చెట్ల కింద చేరాం. ఈసారి కుర్చీలు సరిపోయాయి.

మాస్టారు బోర్డు మీద 22ని 7తో భాగించారు. 3 తర్వాత పాయింటు, ఆ తర్వాత 142857, మళ్లీ 142857. ఆ 142857ని రెండుతో గుణించమన్నారు, 285714 వచ్చింది. మూడుతో గుణిస్తే 428571. అవే అంకెలు వరస మార్చుకుని తిరుగుతున్నాయని పిల్లలు కేకలు పెట్టారు. అసలు ‘పై’ విలువకు 3.14 కన్నా 22/7 దగ్గరని కూడా ఆయన తీసివేతలు చేసి చూపించారు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు 20000 వ్యాసానికి 62832 చుట్టుకొలత చెప్పి, అది ‘ఆసన్నం’, అంటే దగ్గరి విలువ మాత్రమే అన్నాడని వివరించారు.

తర్వాత ‘గోపీభాగ్య మధువ్రాత’ అని మొదలయ్యే శ్లోకం ఎత్తుకున్నారు. కటపయాది పద్ధతిలో ప్రతి అక్షరానికీ ఒక అంకె: గో అంటే 3, పీ అంటే 1, భా అంటే 4. అలా 32 అక్షరాల్లో ‘పై’ అంకెలు వస్తాయి. అక్షరాలు విడదీయడానికి తెలుగు చదవగలిగిన పిల్లలు కావాల్సి వచ్చింది. మన ఆదివారం తెలుగు తరగతి పిల్లలు ముందుకొచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి చివరిదాకా సరిచూసి, "మాస్టారూ, ఆఖరి ‘ర’కు 2 వస్తోంది, అక్కడ 5 ఉండాలి" అంది. నిజమే. 31 అంకెలు సరిపోయాయి, ముప్పై రెండోది సరిపోలేదు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, చేతిలో చాక్‌పీసు ఆ అమ్మాయికి ఇచ్చేశారు.

జనవరి ప్రశ్నకు ఇదీ నా సమాధానం. తెలుగులో కావ్యాలు మొలకెత్తుతున్న తొలిరోజుల్లోనే పావులూరి మల్లన అనే కవి మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషకు లెక్కలు ఎప్పుడూ పరాయివి కావు. తెలుగు సంఘం లెక్కల పండుగ చేసుకోవడం నాకైతే ఎంతో సహజంగా అనిపిస్తుంది.

కాబట్టి కమిటీ తరఫున ఒక తీర్మానం మీ ముందు పెడుతున్నాను: ఈ రెండు రోజులనూ మన వార్షిక క్యాలెండర్‌లో చేర్చి, బడ్జెట్‌లో విడిగా పద్దు కేటాయించాలి. 2026 మార్చి 14 శనివారం వస్తోంది, బడి అడ్డం రాదు. అందరం బార్ట్ రైల్లో ఎంబార్కడెరో స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి పియర్ 15లోని మ్యూజియానికి నడిచి వెళ్దామని ఆలోచన. 1:59కి ముందే అక్కడ ఉండాలి. రాదలుచుకున్నవాళ్లు ఫిబ్రవరి నెలాఖరులోగా పేర్లు ఇవ్వండి. బొబ్బట్లు చేసేవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి.

భవదీయుడు,
కార్యదర్శి