108 వచ్చేలోపు వాలంటీరు ఫోన్ మోగాలి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

గుండె ఆగిన మనిషికి దగ్గర్లో ఉన్న, శిక్షణ పొందిన వాలంటీర్లకు ఫోన్‌లో వెంటనే కబురు అందే ఏర్పాటు చేయాలన్న విన్నపాన్ని ఇంతకుముందే రాతపూర్వకంగా పంపాను. జవాబు రానందున ఇప్పుడు నలుగురి ముందు పెడుతున్నాను.

గుండె హఠాత్తుగా ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీ మీద పదేపదే నొక్కి రక్త ప్రసరణ నిలబెట్టే ప్రథమ చికిత్స) అందకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. 108 సిబ్బంది ఎంత త్వరగా బయల్దేరినా మన ఇరుకు సందుల్లో ఆ తొలి నిమిషాలు చేజారిపోతాయి. మా వీధిలో కిరాణా కొట్టు పెద్దాయన అలాగే పోయారు. చుట్టూ జనం ఉన్నారు. నీళ్లు చల్లారు, గాలి విసిరారు. ఛాతీ మీద నొక్కాలని ఎవరికీ తెలియలేదు. వెనక వీధిలో ఉండే నర్సమ్మకు సంగతి మర్నాడు తెలిసింది. "ఎవరైనా చెప్పి ఉంటే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా" అని ఏడ్చింది.

ఆమెకు కబురు అందేలా చేయడం సాధ్యమే. అత్యవసర కాల్ రాగానే దగ్గర్లోని శిక్షణ పొందిన వాలంటీర్ల మొబైళ్లకు సమాచారం పంపే పద్ధతిని స్టాక్‌హోమ్‌లో పరీక్షించారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, కబురు వెళ్లిన కేసుల్లో 62 శాతం మందికి, వెళ్లని కేసుల్లో 48 శాతం మందికి అంబులెన్స్ కంటే ముందే సీపీఆర్ అందింది. దక్కిన ప్రాణాల లెక్కలో స్పష్టమైన తేడా ఆ అధ్యయనంలో తేలలేదన్నది నిజమే. అయినా నొక్కే చేతులు ముందే చేరడం చిన్న విషయం కాదు. సింగపూర్‌లోనూ ఇలాంటి యాప్ నడుస్తోంది.

మన జిల్లా కేంద్రంలో దీన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించండి. 108 కాల్ సెంటర్‌తో అనుసంధానించి, నర్సులు, పోలీసులు, శిక్షణ పొందిన యువత పేర్లు నమోదు చేయించండి. బస్టాండులో, రైతుబజారులో ఏఈడీ యంత్రాలు (గుండె లయను సరిచేసేందుకు విద్యుత్ షాక్ ఇచ్చేవి) పెట్టించండి. ఎప్పుడు మొదలుపెడతారో నెల రోజుల్లోగా బహిరంగంగా ప్రకటించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
మీ జిల్లా పౌరుడు