తాకట్టు పెట్టిన గాజులు తిరిగివ్వకపోవడం, ప్రీమియంను డిపాజిట్ అని చెప్పడం గురించి ఫిర్యాదు

తేదీ: జూన్ 16, 2025

మేనేజర్ గారికి,

నమస్కారం. మార్చి 8 శనివారం రాత్రి మా తమ్ముడిని పోలీసులు అరెస్టు చేసి కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉన్న శాంటా రీటా జైలుకు తీసుకెళ్ళారు. బెయిల్ 20,000 డాలర్లన్నారు. మీ బెయిల్ బాండ్ల కంపెనీ పూచీ పడి రాసిన బాండుతో ఆదివారం తెల్లవారేసరికి వాడు బయటికొచ్చాడు. ఆ సాయాన్ని నేను కాదనను. నా ఫిర్యాదు ఆ రాత్రి ఫోన్లో నాకు చెప్పిన మాటల మీద, ఇప్పటికీ మీ దగ్గరే ఉండిపోయిన నా గాజుల మీద. మీ ఏజెంటు మొదటి నుంచి చివరిదాకా నాతో తెలుగులోనే మాట్లాడారు కాబట్టి ఈ లేఖ కూడా తెలుగులోనే రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా నాన్న తెనాలి కోర్టులో మా పాలేరుకు జామీను ఉన్నారు. పొలం పాసుపుస్తకం చూపించి సంతకం పెట్టి వచ్చారు. పూచీ పడినందుకు ఏ కంపెనీకీ ఫీజు కట్టలేదు. బెయిలంటే నాకు తెలిసింది అంతే. కాలిఫోర్నియాలో ఇది ఇన్సూరెన్సు వ్యాపారమని, జామీను ఉండే పనిని ఒక కంపెనీ డబ్బు తీసుకుని చేస్తుందని నాకు తెలియదు. తెలియదని మీ ఏజెంటుతో చెప్పాను కూడా. అప్పుడాయన, "టెన్షన్ పడకండక్కా, 2,000 డిపాజిట్ లాంటిది, కేసు అయిపోగానే వచ్చేస్తుంది" అన్నారు. నేను 800 అప్పటికప్పుడే కార్డు మీద కట్టాను. మిగతా 1,200 నెలకు 300 చొప్పున నాలుగు వాయిదాలన్నారు.

అది డిపాజిట్ కాదు. బెయిల్ మొత్తంలో పది శాతం, మీరు పూచీ పడినందుకు తీసుకునే ప్రీమియం. మనిషి జైలు గడప దాటి బయటికి రాగానే అది మీ డబ్బయిపోతుంది, కేసు నిలిచినా కొట్టేసినా తిరిగిరాదు. ఈ సంగతి నాకు మే నెలలో లాయరు చెబితే తెలిసింది. తిరిగొచ్చే డబ్బు కావాలంటే 20,000 మొత్తం నేరుగా కోర్టుకే కట్టే దారి ఉందట. వాడు కోర్టు వాయిదాలకు సరిగ్గా హాజరైతే అది చివర్లో వెనక్కి వచ్చేదట. అంత డబ్బు మాకు ఆ రాత్రి ఎక్కడిది? అయినా సోమవారం కోర్టు తెరిచేదాకా ఆగమని ఎవరైనా చెప్పి ఉంటే ఆగేవాళ్ళం. బెయిల్ ఎంతో తేల్చేటప్పుడు మనిషి స్తోమత చూడాలని 2021లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు హంఫ్రీ కేసులో చెప్పింది. సొంత పూచీ మీద, అంటే డబ్బు కట్టకుండానే, వదలమని జడ్జిని అడగవచ్చని కూడా నాకప్పుడు తెలియదు.

రెండో మాట ఇంకా పెద్దది. "ఇక్కడ సాక్షి సంతకం పెట్టండక్కా" అన్నారు. ఫోన్ తెరమీద వేలితో గీశాను. ఆ కాగితంలో నేను సాక్షిని కాదు, ఇండెమ్నిటర్‌ని. అంటే తమ్ముడు కోర్టుకు రాకపోతే, బాండు ఫోర్‌ఫీట్ (జప్తు) అయ్యి, గడువులోగా వాడిని తీసుకొచ్చి నిలబెట్టలేకపోతే, 20,000 నేను కట్టాలి. సాక్షికీ హామీదారుకూ తేడా తెలుగు మాట్లాడేవాళ్ళకు తెలియనిది కాదు. తెలిసీ ఆ మాట వాడినందుకే నాకు ఎక్కువ బాధ.

వాయిదాల్లో ప్రీమియం కట్టించుకునే ఒప్పందం అప్పు ఒప్పందమేనని, హామీ సంతకం పెట్టేవారికి ముందే హెచ్చరిక నోటీసు ఇవ్వాలని 2021లోనే కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తేల్చింది. "ఈ అప్పుకు మిమ్మల్ని హామీ అడుగుతున్నారు, జాగ్రత్తగా ఆలోచించుకోండి" అని ఆ నోటీసు మొదలవుతుంది. మీరు పంపిన కాగితాలన్నీ మూడుసార్లు వెతికాను, అది లేదు. స్పానిష్, చైనీస్, టగాలోగ్, వియత్నామీస్, కొరియన్ భాషల్లో బేరం జరిగితే ఒప్పందం అనువాదం ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టం చెబుతుంది. ఆ పట్టికలో తెలుగు లేదు. లేనంత మాత్రాన తెలుగులో తప్పు చెప్పవచ్చని కాదు కదా.

ఇక గాజుల సంగతి. కొలాటరల్ కింద, అంటే తాకట్టుగా, నా నాలుగు బంగారు గాజులు మీ ఆఫీసులో ఇచ్చాను. పెళ్ళికి మా అమ్మ చేయించినవి, ఒక్కోటి రెండు కాసులు, మొత్తం 64 గ్రాములు. రసీదులో "పసుపు రంగు లోహపు గాజులు, 4" అని మాత్రమే ఉంది. బరువు లేదు, రెండో గాజు మీద ఉన్న చిన్న నొక్కు లేదు, ఫోటో లేదు. మా ఊళ్ళో తాకట్టు కొట్టులో కూడా త్రాసులో పెట్టి, మన కళ్ళముందే గ్రాములు రాసి చీటీ ఇస్తారు.

తమ్ముడి మీద ఛార్జీలేవీ పెట్టలేదు. మే 6న బాండు ఎగ్జానరేట్ అయినట్టు, అంటే మీ బాధ్యత తీరిపోయినట్టు, కోర్టు కాగితం ఇచ్చింది. దాని కాపీ మరుసటి రోజే మీకు పంపాను. తాకట్టు వస్తువు మీ సొత్తు కాదు, మా తరఫున మీ దగ్గర ఉంచినది. ఈరోజుకు 41 రోజులు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "ఫైలు చూస్తున్నాం" అన్నారు. మే 28న మాత్రం మీ వసూళ్ళ మనిషి తనే ఫోన్ చేసి, మిగిలిన 600 కట్టకపోతే తమ్ముడిని మళ్ళీ జైల్లో అప్పగిస్తామన్నారు. మే 6 తర్వాత అసలు బాండే లేదు, ఏ బాండు మీద అప్పగిస్తారు? ఆ మాట విని వాడు రెండు రోజులు పనికి వెళ్ళలేదు, తలుపు కొట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాడు.

కాబట్టి జూన్ 30లోగా గాజులు నా ఎదుట తూచి ఇవ్వండి. నోటీసు లేకుండా చేయించుకున్న సంతకం మీద మిగిలిన 600 నన్ను అడగబోమని రాసివ్వండి. కట్టిన 1,400 సంగతి తేల్చే ముందు మార్చి 8 రాత్రి ఫోన్ రికార్డింగు వినండి. కాల్ మొదట్లో రికార్డు చేస్తున్నామని మీరే చెప్పారు. ఆ ఏజెంటు ఉద్యోగం పోవాలని నేను కోరడం లేదు. తెలుగువాళ్ళతో మాట్లాడేటప్పుడు ప్రీమియంను తిరిగిరాని ఫీజు అనీ, ఇండెమ్నిటర్‌ను హామీదారు అనీ చెప్పమనండి చాలు.

గడువు దాటితే కాలిఫోర్నియా ఇన్సూరెన్స్ శాఖకు ఈ లేఖ కాపీతో ఫిర్యాదు చేస్తాను. రసీదు, కోర్టు కాగితం, గాజులు కొన్నప్పటి బిల్లు జతచేశాను. బరువు ఆ బిల్లులో ఉంది.

ఇట్లు,
బాండు మీద సంతకం చేసిన అక్క